ఆశా కార్యకర్తల పర్యవేక్షణ, తోడ్పాటు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏఎన్ఎంలు (సబ్‌సెంటర్ నర్సులు), ఆశా ఫెసిలిటేటర్లు (ఆశాల పని చూస్తూ తోడ్పడేవారు), ఎంఎల్‌హెచ్‌పీలు (సబ్‌సెంటర్లలో ఉండే మధ్యస్థాయి వైద్య సిబ్బంది), పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టర్లు, పల్లెల్లో ఆరోగ్య పనులు చేసే స్వచ్ఛంద సంస్థల కోఆర్డినేటర్లు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. ఉదాహరణలన్నీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెలవే. జీవోలు, రేట్లు మారుతుంటాయి కాబట్టి డబ్బు విషయంలో మీ జిల్లా తాజా ఉత్తర్వు చూసుకోండి.

ఆశా కార్యకర్త ఉద్యోగా, వాలంటీరా?

కాగితం మీద వాలంటీరే. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు వెయ్యి జనాభాకు ఒకరు చొప్పున, ఆ ఊళ్ళోనే ఉండే మహిళను ఎంచుకోవాలని పెట్టారు. చేసిన పనిని బట్టి పారితోషికం అన్నారు, జీతం అనలేదు. పని మాత్రం ఏటా పెరుగుతూ వచ్చింది. గర్భిణుల నమోదు, టీకాలు, బాలింతల ఇళ్ళకు వెళ్ళడం, టీబీ మందులు మింగించడం, బీపీ షుగర్ సర్వేలు, కోవిడ్‌లో ఇంటింటి సర్వే, ఇవన్నీ ఆమె నెత్తినే పడ్డాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నెలకు 10,000 రూపాయలు చేశారు. తెలంగాణలో 9,750 వస్తోంది, 18,000 ఇవ్వాలని అక్కడి ఆశాలు సమ్మెలు చేశారు. ఆశాలు, అంగన్‌వాడీల వంటి స్కీమ్ వర్కర్లను కార్మికులుగా గుర్తించాలని 2013లోనే భారత కార్మిక సదస్సు సిఫారసు చేసింది. 2025లో ఆంధ్ర ప్రభుత్వం గ్రాట్యుటీ, మొదటి రెండు కాన్పులకు 180 రోజుల వేతనంతో సెలవు, 62 ఏళ్ళ వరకు పని అని ప్రకటించింది. అంటే పేరుకు వాలంటీరే గానీ పనికి ఉద్యోగే.

సూపర్‌వైజర్‌గా మీకు దీంతో ఏం పని అంటారా? చాలా ఉంది. పని చెప్పేటప్పుడు ఉద్యోగిలా, హక్కు అడిగినప్పుడు వాలంటీరులా చూసే అలవాటు ఆఫీసుల్లో బాగా పాతుకుపోయింది. "నువ్వు వాలంటీరువి కదా, సెలవేంటి?" అన్న మాట ఒక్కసారి మీ నోటి నుంచి వస్తే, ఆ తర్వాత మీరు ఎన్ని మంచి మాటలు చెప్పినా ఆమె చెవికి ఎక్కవు.

ఒక సూపర్‌వైజర్ కింద ఎంతమంది ఉండాలి?

జాతీయ మార్గదర్శకాల్లో ఇంచుమించు 20 మంది ఆశాలకు ఒక ఫెసిలిటేటర్. ఫెసిలిటేటర్ లేని చోట ఆ పని ఏఎన్ఎం మీదే పడుతుంది. నన్నడిగితే లెక్క మనుషుల్లో కాదు, దారిలో వేయాలి. గోదావరి డెల్టాలో స్కూటీ మీద ఒక పూటలో మూడు ఊళ్ళు తిరిగి రావచ్చు. పాడేరు, ఉట్నూరు వైపు ఒక్క గూడేనికి వెళ్ళి రావడానికే పొద్దుపోతుంది. నెలకు ఒక్కసారైనా ప్రతి ఆశా పని చేసే చోటికి వెళ్ళలేనంత మందిని మీకు అప్పగించారంటే ఆ సంగతి పైకి రాతపూర్వకంగా చెప్పండి. నోటి మాట ఫైలులోకి ఎక్కదు.

ఊరికి వెళ్ళినప్పుడు ఏం చూడాలి? రిజిస్టర్ చూసి సంతకం పెడితే చాలదా?

చాలదు. రిజిస్టర్ చూడటానికి ఊరిదాకా వెళ్ళనక్కర్లేదు, అది ఆశా డే రోజు, అంటే ఆశాలందరూ నెలవారీ మీటింగ్‌కు వచ్చే రోజు, పీహెచ్‌సీలోనే చూడొచ్చు. ఊరికి వెళ్ళేది ఆమెతో కలిసి ఇళ్ళు తిరగడానికి.

ఏ ఇళ్ళు అన్నది ముఖ్యం. ఆమె చూపించే ఇళ్ళకే వెళ్తే అంతా బాగానే కనిపిస్తుంది. నెల లోపు పసిబిడ్డ ఉన్న ఇల్లు, బరువు తక్కువ పుట్టిన బిడ్డ ఉన్న ఇల్లు, రక్తం బాగా తక్కువున్న గర్భిణి ఇల్లు, టీకా వద్దన్న ఇల్లు, వీటిని మీరే అడిగి వెళ్ళండి. తర్వాత ఊరి చివరకు నడవండి. చాలా ఊళ్ళలో ఆశా అడుగు తక్కువ పడేది అక్కడే: ఆమె ఇంటికి దూరంగా ఉన్న కాలనీ, ఇటుక బట్టీల దగ్గర గుడిసెలు, పత్తి ఏరడానికో మిరపకోతకో వచ్చి చేల దగ్గర దిగిన కుటుంబాలు. వలస వచ్చినవాళ్ళు ఏ రిజిస్టర్‌లోనూ ఉండరు, కాబట్టి రిజిస్టర్ ఎంత పక్కాగా ఉన్నా వాళ్ళు లేరన్న సంగతి అందులో తెలియదు.

ఇంట్లోకి వెళ్ళాక మీరు వెనక కూర్చోండి, ఆమెను మాట్లాడనివ్వండి. మేడమ్ వచ్చారని తల్లి మీతోనే మాట్లాడబోతే "మీ ఆశమ్మనే అడగమ్మా, ఆమెకు తెలుసు" అనండి. ఆ ఒక్క మాటతో ఆ వీధిలో ఆమెకు విలువ పెరుగుతుంది.

పసిబిడ్డ ఊపిరి లెక్కపెట్టమని చెప్పి చూడండి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తే చిన్న పిల్లల విషయంలో లెక్క తప్పుతుంది, ఎందుకంటే వాళ్ళ ఊపిరి ఒకే తీరున ఉండదు. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే, ఒకసారి మళ్ళీ లెక్కపెట్టి, అప్పుడూ అంతే ఉంటే ఆసుపత్రికి పంపాలి. తూకం వేసే ముందు ముల్లు సున్నా దగ్గర ఉందా, బిడ్డ పాలు తాగుతోందా, డొక్కలు లోపలికి పోతున్నాయా అని ఆమె తనంతట తానే చూస్తోందా అన్నది గమనించండి.

తప్పు కనబడితే తల్లి ముందు దిద్దవద్దు. బిడ్డకు అప్పటికప్పుడు ప్రమాదం ఉంటే మాత్రం మీరే చేయి వేయండి. మిగతావన్నీ బయటికి వచ్చాక, నడుస్తూ చెప్పండి. మెచ్చుకోవలసి వస్తే "బాగా చేస్తున్నావు" అని గాలిలో వదలకండి. "డొక్కలు చూడటానికి చొక్కా పైకెత్తావు చూడు, అది చాలామంది మర్చిపోతారు" అన్నారనుకోండి, మరో ఇంట్లో ఆమె అది కచ్చితంగా చేస్తుంది.

ఆమెను ఎలా పిలవాలి?

మీకన్నా పెద్దదైతే "మీరు" అనే పిలవండి. ఇరవై అయిదేళ్ళ ఏఎన్ఎం యాభై ఏళ్ళ ఆశాను అందరి ముందూ "నువ్వు, రా, పో" అనడం చాలాచోట్ల మామూలైపోయింది. అలాగే మీటింగ్‌లో కుర్చీలు స్టాఫ్‌కి, చాపలు ఆశాలకి అన్న పద్ధతి ఉంటే దాన్నీ మార్చండి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు.

కాన్పుకు పుట్టింటికి వెళ్ళిన అమ్మాయిని ఎవరు చూడాలి?

మన దగ్గర ఈ ప్రశ్న రాని ఊరు లేదు. తొలికాన్పు పుట్టింట్లో. నమోదు అత్తగారి ఊళ్ళో, ఏడో నెలకో తొమ్మిదో నెలకో ప్రయాణం, కాన్పు పుట్టింటి దగ్గరి ఆసుపత్రిలో, తర్వాత మూడు నెలలో అయిదు నెలలో అక్కడే. బిడ్డకు అత్యంత ప్రమాదమైన మొదటి నెల రోజులు ఏ ఆశా రిజిస్టర్‌లోనూ సరిగ్గా ఉండవు.

పసిబిడ్డల ఇంటి సందర్శనల తేదీలు మీకు తెలిసినవే. ఆసుపత్రి కాన్పైతే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో, ఇంట్లో కాన్పైతే వీటికి తోడు మొదటి రోజున కూడా. వీటి మొత్తానికి పారితోషికం 250 రూపాయలు. అత్తగారి ఊరి ఆశా "మా పిల్లే కదా" అని ఫోన్‌లో అడిగి తేదీలు రాసుకుంటుంది. పుట్టింటి ఊరి ఆశా "మా లిస్టులో లేదు" అని ఊరుకుంటుంది. ఇద్దరూ చూసినట్టే ఉంటుంది, ఎవరూ చూడరు.

పద్ధతి ఒకటే. అమ్మాయి బయలుదేరే ముందే ఈ ఊరి ఆశా ఆ ఊరి ఆశాకు ఫోన్ చేసి అప్పగించాలి. పేరు, కాన్పు అంచనా తేదీ, హెచ్‌బీ (రక్తంలో హిమోగ్లోబిన్), పాత ఆపరేషన్ ఉంటే ఆ సంగతి, తల్లి ఫోన్ నంబర్ చెప్పాలి. ఆ ఊరి ఆశా నంబర్ తెలియకపోతే దాన్ని వెతికి ఇవ్వడం మీ పని, పక్క మండలమైనా పక్క జిల్లా అయినా సరే. ఇల్లు ఎవరు తిరిగితే పారితోషికం వారికే అన్నది ముందే ఇద్దరికీ చెప్పేయండి. ఈ డబ్బు దగ్గరే అప్పగింత ఆగిపోతుంది.

తెలంగాణ, ఆంధ్ర సరిహద్దు మండలాల్లో ఇది ఇంకా చిక్కు. పుట్టిల్లు నందిగామ, అత్తిల్లు కోదాడ అయితే ఆన్‌లైన్‌లో రికార్డు సాఫీగా మారుతుందని ఆశపడకండి. ఫోనే దిక్కు.

రిజిస్టర్‌లో తప్పుడు ఎంట్రీలు దొరికితే ఏం చేయాలి?

ముందు ఎందుకు రాసిందో తెలుసుకోండి. వెళ్ళకుండా వెళ్ళినట్టు రాసినవారందరూ బద్ధకస్తులు కారు. ఒకే రోజు ఫీవర్ సర్వే, పల్స్ పోలియో మీటింగ్, ఆన్‌లైన్ ఎంట్రీ మూడూ పడితే పద్నాలుగో రోజు బిడ్డ దగ్గరికి ఆమె వెళ్ళలేదు. వెళ్ళలేదని రాస్తే తిడతారు, వెళ్ళానని రాస్తే ఎవరూ అడగరు. ఆఫీసే ఆమెకు అబద్ధం నేర్పుతోంది.

అందుకని ఖాళీగా వదిలిన గడిని శిక్షించకండి. "వెళ్ళలేకపోయాను, ఫలానా కారణం" అని రాసినా ఫర్వాలేదని చెప్పండి, అన్నాక మాట మీద నిలబడండి. మొదటి నెల మీ నివేదికలో అంకెలు పడిపోతాయి, పైవాళ్ళు అడుగుతారు. ఆ ఒత్తిడిని మీ దగ్గరే ఆపడం కూడా పర్యవేక్షణలో భాగమే. చెప్పినా, సమయం ఇచ్చినా అదే పని చేస్తుంటే అప్పుడు వేరే సంగతి.

మరొకటి, ఒకే సమాచారం నోట్‌బుక్‌లో, రిజిస్టర్‌లో, యాప్‌లో, వాట్సాప్‌లో నాలుగుసార్లు అడుగుతున్నారేమో చూడండి. రెండింటిని మానేయమని చెప్పే అధికారం మీకు లేకపోయినా, డాక్టరుగారితో మాట్లాడి కనీసం మీ పీహెచ్‌సీ సొంతంగా పెట్టుకున్న ఫార్మాట్లను తీసేయించవచ్చు.

పారితోషికం ఆలస్యమైతే నేనేం చేయగలను? డబ్బు నా చేతిలో లేదు కదా.

డబ్బు మీ చేతిలో లేదు, సమాచారం ఉంది. క్లెయిమ్ ఫారం ఇచ్చే పద్ధతి ఉన్నచోట దాని ఫోటో ఆమె ఫోన్‌లో ఉండేలా చూడండి. ఏ పనికి ఎంత, ఏది ఆమోదించారు, ఏది కొట్టేశారు, ఎందుకు కొట్టేశారు అన్నది నెలనెలా ఒక కాగితం మీద రాసి పీహెచ్‌సీ గోడకు అంటించండి. "వస్తాయిలే" అనకండి. బిల్లు ఏ ఆఫీసులో ఏ బల్ల మీద ఆగిందో కనుక్కుని అదే చెప్పండి.

ఆశాలకు కేంద్రం ఇచ్చే నెలవారీ స్థిర ప్రోత్సాహకం 2018లో 1,000 నుంచి 2,000కి, 2025లో 3,500కి పెరిగింది. ఇది కాక రాష్ట్రం కలిపేది వేరు. ఈ రెండూ కలిసి ఒకే మొత్తంగా ఖాతాలో పడటంతో ఏది ఎందుకు తగ్గిందో చాలామందికి అర్థం కాదు. దీన్ని వివరించగలిగితే సగం గొడవలు తగ్గుతాయి. 2018లో ఆశాలకు వర్తింపజేసిన ప్రమాద, జీవిత బీమా పథకాల్లో ఆమె పేరు ఉందా, 2024 నుంచి ఆశాలకు కూడా ఇస్తామన్న ఆయుష్మాన్ భారత్ కార్డు వచ్చిందా అన్నది కూడా ఒకసారి చూసిపెట్టండి. చాలామంది అడగరు.

కమ్యూనిటీ ఆరోగ్య కార్యకర్తల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, చేసిన పని లెక్కమీదే మొత్తం డబ్బు కట్టే పద్ధతి వద్దని స్పష్టంగా ఉంది. ఎందుకో మనకు తెలిసిందే. డబ్బు వచ్చే పని జరుగుతుంది, రాని పని పక్కకు పోతుంది. ముసలివాళ్ళను పలకరించడానికి డబ్బు కట్టే కోడ్ లేదు.

ఆశా పంపిన మనిషిని ఆసుపత్రిలో పట్టించుకోకపోతే?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

ఊళ్ళో ఆశా మాట చెల్లేది ఆమె చదువు వల్లో కిట్ వల్లో కాదు. "ఆశమ్మ తీసుకెళ్తే పని జరుగుతుంది" అన్న నమ్మకం వల్ల. అర్ధరాత్రి నొప్పులతో ఉన్న అమ్మాయిని ఆటోలో తీసుకెళ్తే "ఇప్పుడా తెచ్చేది?" అని డ్యూటీలో ఉన్నవారు కసురుకుని జిల్లా ఆసుపత్రికి పొమ్మంటే, ఆ కుటుంబం ముందు ఆమె తల దించుకోవాలి. మరుసటి నెల ఆ వీధిలో ఇంకో గర్భిణి ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తుంది. శిక్షణలు ఎన్ని పెట్టినా ఆ నష్టం పూడదు.

చేయగలిగినవి ఉన్నాయి. పంపేముందు ఆమె మీకో స్టాఫ్ నర్సుకో ఫోన్ చేసేలా ఒక నంబర్ ఇవ్వండి, ఆ నంబర్‌కు ఎవరో ఒకరు ఎత్తేలా చూడండి. రిఫరల్ చీటీ మీద ఆమె పేరు ఉండాలి. అన్నిటికన్నా తక్కువగా జరిగేది తిరుగు కబురు. బిడ్డకు ఏమైంది, ఏ మందు ఇచ్చారు, మళ్ళీ ఎప్పుడు రావాలి అన్నది ఆశాకు చెప్పేవారే ఉండరు. బిడ్డ చనిపోయిన సంగతి కూడా ఆమెకు ఊరివాళ్ళ ద్వారానే తెలుస్తుంది. డిశ్చార్జ్ రోజు ఒక్క ఫోన్ కాల్ చేస్తే చాలు. ఆమె పంపింది సరైన కేసో కాదో కూడా ఆ కాల్‌లోనే చెప్పండి, శిక్షణలో వచ్చే పాఠం కన్నా అది బాగా గుర్తుంటుంది.

అనవసరంగా పంపుతోందని మీ డాక్టరుగారు విసుక్కుంటే, ఆయనకు చెప్పవలసింది మీరే. జాగ్రత్తపడి పంపిన పది మామూలు కేసులను భరించకపోతే పదకొండోది ఆగిపోతుంది.

ఆశా డే మీటింగ్ ఎలా నడపాలి?

ఇప్పుడు చాలాచోట్ల జరిగేది ఇది: పొద్దున పదికి రమ్మంటారు, పన్నెండుకు మొదలవుతుంది, ఒక్కొక్కరిని లేపి అంకెలు అడుగుతారు, తక్కువున్నవారిని తిడతారు, కొత్త సర్వే ఫారాలు పంచుతారు, అయిపోయింది.

అంకెలు ముందురోజే తీసుకోండి. మీటింగ్‌లో ఒక గంట ఒకే ఒక్క కేసు మాట్లాడండి. ఆ నెలలో జరిగిన ఏదో ఒకటి, వీలైతే బాగా జరిగింది. ఆ ఆశానే చెప్పనివ్వండి, మిగతావారిని ప్రశ్నలడగనివ్వండి. మరో అరగంట ఒక నైపుణ్యం చేయించండి: థర్మామీటర్, ఓఆర్‌ఎస్ కలపడం, బిడ్డను రొమ్ముకు పట్టించడం. తొలి శిక్షణలు బాగానే ఉంటాయి, ఆరు, ఏడు నంబర్ల మాడ్యూళ్ళకు (శిక్షణ పుస్తకాలకు) కలిపి 20 రోజులు ఇస్తారు, కానీ ఏడాదికి రెండుసార్లు కూడా వాడని నైపుణ్యం చేతిలో నిలవదు. బస్సు టైముకు వదిలేయండి. ఆఖరి బస్సు పోతే ఆటోకు ఆమె పెట్టే డబ్బు ఎవరూ తిరిగివ్వరు.

కిట్ నింపడం కూడా ఆ రోజే. ఓఆర్‌ఎస్, జింకు, ఐరన్ మాత్రలు, పారాసిటమాల్ లేని ఆశా దగ్గరికి రెండుసార్లు వచ్చి తిరిగిపోయినవారు మూడోసారి రారు. జింకు 14 రోజులు వేయాలని, విరేచనాలు తగ్గగానే ఆపకూడదని తల్లులకు చెబుతోందా అన్నది అడగండి. ఎక్కువగా జారిపోయేది అదే.

వాట్సాప్ గ్రూపులో పర్యవేక్షణ చేయవచ్చా?

సమాచారం ఇవ్వడానికి సరే. పేర్లు పెట్టి తిట్టడానికి, రాత్రి పదింటికి రిపోర్టు అడగడానికి వద్దు. టీబీ, హెచ్‌ఐవీ ఉన్నవారి పేర్లు, బాలింతల ఫోటోలు గ్రూపులో పెట్టించడం వెంటనే ఆపండి. ఊరు చిన్నది, ఒక్క ఫార్వర్డ్ చాలు.

కొండ గూడేల్లో పనిచేసే ఆశాలకు వేరే పద్ధతి కావాలా?

కావాలి. రోడ్డు లేని గూడెంలో "సమయానికి ఎందుకు తీసుకురాలేదు" అన్న ప్రశ్నే తప్పు. డోలీ మోయడానికి నలుగురు మగవాళ్ళు దొరకాలి, వాగు తగ్గాలి. అక్కడ ఆశాకు కావలసింది ముందుచూపు ప్లాన్: ఎవరి కాన్పు వానాకాలంలో పడుతుంది, ఎవరిని ముందే కిందికి దించాలి, ఎక్కడ ఉంచాలి. సాలూరులో కొండమీది గర్భిణుల కోసం పెట్టినలాంటి వసతి గృహాలు అందుకే. కానీ ఇంట్లో పెద్ద పిల్లలను, మేకలను వదిలి ఎవరూ వారాలపాటు రారు. కుటుంబంతో ఆ మాట మాట్లాడటానికి ఆశా ఒక్కతే చాలదు, మీరు కూడా ఒకసారి వెళ్ళాలి.

భాష సంగతి మరవకండి. కువి, కోయ, గోండి, సవర మాట్లాడే ఇళ్ళలో మీరు తెలుగులో అడిగితే అన్నింటికీ తలూపుతారు. అక్కడ ఆశా చెప్పేది వినడమే మీ పర్యవేక్షణ.

ఊళ్ళో తల్లి చనిపోతే ఆశాను ఎలా చూసుకోవాలి?

మాతృ మరణ విచారణలో మొదట ప్రశ్నలు పడేది ఆమె మీదే. విచారణ ఎందుకో, ఏం అడుగుతారో ముందే చెప్పండి, ఆ రోజు పక్కన కూర్చోండి. ఇంటివాళ్ళు కూడా ఆమెనే తిట్టి ఉంటారు. చనిపోయింది ఆమె చిన్ననాటి స్నేహితురాలో, వరసకు వదినో అయి ఉంటుంది. వారం రోజులు రిపోర్టులు అడగకండి.

సర్పంచ్ లేదా పార్టీ నాయకులు ఆశాను మార్చమంటే?

ప్రభుత్వం మారినప్పుడల్లా వచ్చేదే ఇది. 1977లో నెలకు 50 రూపాయల గౌరవ వేతనంతో గ్రామ ఆరోగ్య వాలంటీర్లను పెట్టారు. ఎక్కువమంది మగవాళ్ళు, పలుకుబడితో వచ్చినవాళ్ళు చాలామంది. ఆ పథకం మెల్లగా నీరుగారింది.

ఫోన్ మీద చెప్పినదానికి ఏమీ చేయకండి. ఫిర్యాదు రాతలో అడగండి. రాతలో వస్తే ఆ ఇళ్ళకు వెళ్ళి విచారించండి, ఆశా జవాబు కూడా రాతలో తీసుకోండి, నిర్ణయం డాక్టరుగారి స్థాయిలో జరగాలి. రాతలో ఇవ్వమనగానే సగం ఫిర్యాదులు మళ్ళీ కనబడవు.

రాత్రిపూట తోడు వెళ్ళడం తప్పనిసరా?

కాన్పు కేసుతో ఇంటివాళ్ళు ఒకరైనా ఉన్నప్పుడే వెళ్ళాలి, ఒంటరిగా కాదు. 108 వచ్చేదాకా ఫోన్‌లో మీరు అందుబాటులో ఉండండి. ఆసుపత్రిలో ఆమె తెల్లవారేదాకా ఎక్కడ కూర్చుంటుంది, బాత్రూమ్ ఎక్కడ, తిరిగి ఎలా వస్తుంది అన్నది ముందే చూడండి. తాగి ఉన్న భర్తలు, దారిలో ఆకతాయిలు, ఇవన్నీ ఆమె మీతో చెప్పాలంటే, చెప్పినప్పుడు "నువ్వెందుకు వెళ్ళావు?" అన్న మాట రాకూడదు.

నాకే పని ఎక్కువ. నన్నెవరు చూస్తారు?

న్యాయమైన ప్రశ్న. ఫెసిలిటేటర్లకు ఒక్కో సందర్శనకు 2018లో 250 నుంచి 300 చేశారు, పెట్రోలుకు పోగా మిగిలేది మీకు తెలుసు. ఏఎన్ఎంకు అదీ లేదు. నెలకోసారి పక్క సబ్‌సెంటర్ ఏఎన్ఎంతో ఊళ్ళు మార్చుకుని తిరగండి. ఆమె మీ ఆశాలతో ఒక రోజు, మీరు ఆమె ఆశాలతో ఒక రోజు. మీ కంటికి అలవాటైపోయినవి ఆమెకు కనిపిస్తాయి, సాయంత్రం ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు. టూర్ డైరీలో దాన్ని రాసుకునేలా డాక్టరుగారి దగ్గర ముందే అనుమతి తీసుకోండి, లేకపోతే ఆ రోజు గైర్హాజరు పడుతుంది.